41 పూసల బుగులు

పాలమూరు బీళ్లలో మేసే గొర్ల మంద దగ్గరికి కొత్త కుక్క వస్తే ఏమవుతుందో గమనించండి. మేత ఆగిపోతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి. మందంతా ఒక్క ముద్దవుతుంది. గొంగడి కప్పుకున్న కాపరి గుండె కూడా క్షణంపాటు దడదడలాడుతుంది. ఆ బుగులును నడిపే మెదడు రసాయనాల్లో ముఖ్యమైనది సీఆర్‌ఎఫ్. దాని గుట్టు మొదట విప్పింది గొర్రె మెదడే.

4,90,000

అమెరికాలోని సాల్క్ సంస్థలో వైలీ వేల్ బృందం వడగట్టిన, గొర్రె మెదడులోని హైపోథాలమస్ ముక్కలివి. 2019 పశుగణనలో తెలంగాణ గొర్రెలు సుమారు 1.91 కోట్లు, దేశంలోనే ప్రథమం. ఆ లెక్కన మన గొర్లలో 39కి ఒకటి చొప్పున మెదళ్లు కావలసి వచ్చాయన్నమాట. ఇలాంటి పదార్థం ఉందని 1955లోనే తెలిసినా, దాని నిర్మాణం తేలింది 1981లో.

41

సీఆర్‌ఎఫ్ 41 అమైనో ఆమ్లాల దండ. గొర్రె దండకూ మనిషి దండకూ 7 పూసలు తేడా. మనిషికీ చిట్టెలుకకూ మాత్రం ఒక్క పూసా తేడా లేదు. అందుకే చిట్టెలుక మీద చేసే పరీక్షకు అంత విలువ.

5 నిమిషాలు

నేలకు ఎత్తులో ప్లస్ ఆకారపు బాట. రెండు పాయలకు గోడలుంటాయి, రెండింటికి ఉండవు. చిట్టెలుక కూడలిలో నిలబడి, గోడ లేని వైపు మూతి చాచి, మళ్లీ వెనక్కి లాక్కుంటుంది. 5 నిమిషాల్లో బయట ఎంతసేపు గడిపిందన్నదే లెక్క. సీఆర్‌ఎఫ్ ఎక్కువగా తయారయ్యే ఎలుకలు గోడల చాటునే ఉండిపోయాయని 1994లో తేలింది. దాన్ని అందుకునే గ్రాహకం లేని ఎలుకలకు బెదురు తక్కువని 1998లో రెండు బృందాలు చూపాయి.

2010

ఆ గ్రాహకాన్ని అడ్డుకునే పెక్సాసెర్‌ఫాంట్ మాత్రను ఆందోళన రోగులకు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర కన్నా మేలు చేయలేదు. మనిషి ఆందోళనలో అప్పు, వలస, పరీక్షలు, ఒంటరితనం కూడా కలిసి ఉంటాయి. ఒక్క దండను తెంపితే అది తెగదు.

అయినా ఈ పరిశోధన ఒక మాట గట్టిగా చెప్పింది: బుగులు పిరికితనం కాదు, శరీర ధర్మం. అది రోజుల తరబడి వదలకపోతే దాచుకోకండి. టెలీ మానస్ నంబరు 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.