పార్వతీశం పళ్లెంలో ఏముంది?

రాత్రి పదకొండింటికి ఫోను మోగింది. ఎడింబరోలో చదువుకుంటున్న మా చిన్నాడు.

"అమ్మా, బెండకాయ పులుసులో చింతపండు ముందా, బెల్లం ముందా?"

"ఎంత నానబెట్టావురా?"

"ఒక ప్యాకెట్."

"ప్యాకెట్టేంట్రా! నిమ్మకాయంత చాలు."

"ఏ నిమ్మకాయమ్మా? ఇక్కడివి కోడిగుడ్డంత ఉంటాయి."

ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. మా నరసాపురం పక్కనే మొగల్తూరు. ఆ ఊరి కుర్రాడొకడు బారిస్టరవుదామని బయల్దేరి, చివరికి ఇదే ఎడింబరోలో తేలాడు. పేరు పార్వతీశం. అతను కాగితం మీద పుట్టిన మనిషే అయినా, ఇక్కడివాళ్లం ఎదురింటి కుర్రాడి గురించి చెప్పుకున్నట్టే చెప్పుకుంటాం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది. శాస్త్రిగారిదీ మా ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లాయే, గుండుగొలను. ముప్పై ఏళ్లు తెలుగు టీచరుగా చేశాను కనుక ఆ పుస్తకం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ రాత్రి మళ్లీ తీశాను. ఈసారి నవ్వుతోపాటు ఇంకొకటి కూడా తగిలింది.

కథ మీకు తెలిసిందే. నరసాపురంలో చదివిన పార్వతీశం నిడదవోలులో రైలెక్కి, మద్రాసు మీదుగా ఓడెక్కుతాడు. దొరలా కనబడాలని టోపీ కొంటాడు. తీరా అది ఆడవాళ్లు పెట్టుకునే టోపీ! ఓడలో భోజనాల బల్ల దగ్గరా అంతే. కత్తులూ ముళ్లగరిటెలూ ముందు పెట్టుకుని అతను పడే అవస్థ చదువుతుంటే పొట్ట చెక్కలవుతుంది.

ఆ అవస్థ పార్వతీశం ఒక్కడిదే అనుకోకండి. 1888లో బారిస్టరు చదువుకి లండను బయల్దేరిన గాంధీగారిదీ అదే కథ. కత్తీ ముళ్లగరిటె వాడటం తెలియక, వంటకాల్లో మాంసం ఉందో లేదో అడగడానికి సిగ్గుపడి, ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలూ పళ్లూ గదిలోనే కూర్చుని తిన్నానని ఆత్మకథలో రాసుకున్నారు. ఆయనా టోపీ కొన్నారు, పందొమ్మిది షిల్లింగులు పోసి. కాకపోతే అది మగవాళ్లదే.

ఇలాంటి కుర్రాళ్ల మీద తెల్లవాళ్లూ నవ్వుకున్నారు. లండనుకి లా చదవడానికొచ్చిన ఒక బెంగాలీ బాబు మీద ఎఫ్. ఆన్‌స్టీ అనే రచయిత 'బాబూ జబ్బర్జీ, బి.ఏ.' అని హాస్యపు పుస్తకమే రాశాడు. అది 1897లో వచ్చింది. బాబుగారి ఇంగ్లీషు వినండి, వేషం చూడండి అని అందులో వెక్కిరింత. హిందూదేశపు మనిషంటే ఇంతే అని తేల్చేసే నవ్వు అది.

పార్వతీశం కథా సరంజామా కూడా దాదాపు అదే. తేడా అంతా చెప్పే నోటిలో ఉంది. మొక్కపాటివారు కథంతా పార్వతీశం చేతే చెప్పించారు. తన తెలివితక్కువతనాన్ని తానే చెప్పుకునేవాడిని చూసి మనం నవ్వుతాం గానీ, చులకన చెయ్యలేం. పైగా దొరల పద్ధతులన్నీ మొగల్తూరు కళ్లతో చూస్తుంటే అవీ తక్కువ వింతగా ఉండవు. నవ్వు రెండువైపులా తగులుతుంది.

ఇంతవరకూ నేను క్లాసులో చెప్పిన పాఠమే. ఆ రాత్రి తట్టింది వేరు. ఆడవాళ్ల టోపీ పెట్టుకున్నాడని ఇన్నేళ్లు నవ్వామే, అతని నెత్తిన ఆడవాళ్ల పని ఏనాడైనా పడిందా? ముళ్లగరిటె పట్టడం రాదు సరే, మనింట్లో గరిటె పట్టడం మాత్రం వచ్చా? ఆ రోజుల్లో మన ఇళ్లల్లో మగపిల్లాడికి పీట వాల్చి, ఆకు వేసి, వడ్డించి, ఎంగిలాకు కూడా తీసేవాళ్లు. అలా పెరిగినవాడు ఏడు సముద్రాలు దాటగలడు గానీ, గంజి వార్చుకోలేడు. గాంధీగారు నయం. లండనులో ఖర్చు తగ్గించుకోవడానికి స్టవ్వు వెలిగించి, పొద్దున ఓట్స్ జావ తనే కాచుకున్నారు.

ఆ వడ్డన మాటకే వస్తే, గోదావరోళ్లంటే బయటి ఊళ్లవాళ్లకి ఒక బొమ్మ ఉంది. "ఆయ్, రండి, కూర్చోండి, ఇంకొంచెం వేయించుకోండి" అంటూ మర్యాదలతో చంపేస్తారని. సినిమాలు ఆ బొమ్మకి ఇంకాస్త రంగు పూశాయి. మనమూ మురిసిపోతాం. 2022 సంక్రాంతికి మా నరసాపురంలోనే కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించారని పేపర్లన్నీ రాశాయి. మర్నాడు మా వీధిలో ఆడవాళ్లం ఆ ఫొటో చూసి ముందు అనుకున్నమాట ఇదీ: "గిన్నెలు ఎవరు తోమారో పాపం!" మర్యాద ఊరందరిదీ, చాకిరీ వంటింటిదీ.

ఆత్రేయపురం పూతరేకులే తీసుకోండి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఓసారి ఆ ఊళ్లో ఒకావిడ పక్కన గంటసేపు కూర్చున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు భగభగ మండుతున్నాయి. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి, పాలకన్నా పలచన. తెల్లటి గుడ్డ అందులో ముంచి, కుండ మీద పరిచి, ఇలా లాగేసింది. రెప్పపాటులో పొర కట్టింది. అంచు పట్టుకుని ఊడదీస్తే అవతలి గోడ కనబడేంత పలచని రేకు. మళ్లీ గుడ్డ, మళ్లీ రేకు. మాట్లాడుతూనే ఉంది గానీ చెయ్యి ఆగలేదు. వేళ్ల కొనలు చూపించి నవ్వింది, కాలి కాలి గట్టిపడిపోయాయి. బయటికొచ్చి రోడ్డు పొడుగునా దుకాణాల బోర్డులు చదువుకుంటూ నడిచాను. నేను చదివినంతలో ఒక్క ఆడపేరు లేదు.

వంటింటి గుమ్మం అవతలి నుంచి కథ చెప్పేవాళ్లు మన నేలమీద తర్వాత పుట్టారు. మా ఉమ్మడి జిల్లాలోనే బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మగారి నవలలు చదివాకే, ఇంటిపని కూడా పనే అన్న సంగతి మా తరం ఆడపిల్లలకి చాలామందికి తెలిసింది. పార్వతీశాన్ని చూసి ఎంత నవ్వామో, ఆ నవలలు చదివి అంత ఉలిక్కిపడ్డాం. రెండూ మనవే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

నీతులు చెప్పే అర్హత నాకుందా అంటే, లేదు. మా అమ్మాయికి పన్నెండో ఏటే అన్నం వార్చడం నేర్పాను, చెయ్యి కాలినా వదల్లేదు. చిన్నాడిని మాత్రం "నీకెందుకురా, వెళ్లి చదువుకో" అన్నాను. బళ్లో ఆడామగా సమానమని పాఠం చెప్పి, ఇంటికొచ్చి వాడి కంచం నేను తీశాను. మా ఆయన రిటైరై ఆరేళ్లయింది. పంచదార డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ నన్నే అడుగుతారు. మా ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు పార్వతీశాలు. తయారుచేసింది మా అత్తగారూ నేనూ.

వారం తర్వాత చిన్నాడు ఫొటో పంపాడు. పులుసు బాగానే కుదిరినట్టుంది, కాస్త నల్లబడినా. పక్క గదిలో ఉండే స్కాట్లాండు కుర్రాడు రెండుసార్లు వేయించుకున్నాడట. వాడి అమ్మ కూడా వాడికి వంట నేర్పలేదట! తెల్లవాళ్లంటే చిన్నప్పటి నుంచి అన్నీ వాళ్ల పని వాళ్లే చేసుకుంటారని నా మనసులోనూ ఒక బొమ్మ ఉండేది. అదీ ఆ పులుసులో కరిగిపోయింది.

మీ ఇంట్లో పదో తరగతో ఇంటరో చదివే అబ్బాయి ఉంటే, ఈ సెలవుల్లో రెండు పనులు చేయించండి. 'బారిస్టర్ పార్వతీశం' చదివించండి, కడుపారా నవ్వుకుంటాడు. సాయంత్రం బెండకాయ పులుసు వాడిచేతే పెట్టించండి. చింతపండు నిమ్మకాయంత. మన ఊరి నిమ్మకాయంత.