చేయి కదిలితే చాలదు.. చూపూ, నిర్ణయమూ కుదరాలి
పక్షవాతం తర్వాత డ్రైవింగ్‌కు ఆక్యుపేషనల్‌ థెరపిస్టు పరీక్ష కీలకం

పక్షవాతం నుంచి కోలుకున్న వ్యక్తి ఇంట్లో నడుస్తుంటాడు. తన అన్నం తాను కలుపుకొని తింటుంటాడు. ఇక మోటారు సైకిలు తాళం చెవి అడుగుతాడు. ఇంటిల్లిపాదికీ భయం, ఆయనకేమో పట్టుదల. ఆటోనో, లారీనో నడిపి సంసారాన్ని నెట్టుకొచ్చేవారికైతే ఇది ఏకంగా బతుకుతెరువు సమస్య. మళ్లీ వాహనం నడపవచ్చా లేదా అన్న ప్రశ్నకు ఊహతో కాక పరీక్షతో బదులు చెప్పేందుకు తోడ్పడేవారే ఆక్యుపేషనల్‌ థెరపిస్టులు.

ఎవరీ నిపుణులు?
ఫిజియోథెరపిస్టు ప్రధానంగా కండరాల బలం, కీళ్ల కదలికలపై దృష్టి పెడతారు. స్నానం, దుస్తులు, వంట, ఉద్యోగం వంటి నిత్యకృత్యాలను రోగి తిరిగి తానే చేసుకునేలా తీర్చిదిద్దేది ఆక్యుపేషనల్‌ థెరపిస్టు. వాహనం నడపటం కూడా అటువంటి పనే. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్‌ చట్టం పరిధిలోకి ఈ వృత్తి కూడా వచ్చింది.

లైసెన్సు ఉంటే సరిపోదా?
లైసెన్సు కోరేవారు ఫారం-1లో తమ ఆరోగ్యంపై స్వయంగా ధ్రువీకరణ ఇస్తారు. రవాణా వాహనాలు నడిపేవారు, 40 ఏళ్లు దాటినవారు వైద్యుడు సంతకం చేసిన ఫారం-1ఎ సమర్పించాలి. పగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటును గుర్తించగలరా, రేచీకటి, వినికిడి లోపం ఉన్నాయా అన్న అంశాలను అందులో నమోదు చేస్తారు. అయితే 30 నుంచి 50 ఏళ్ల మధ్య వయసువారికి సొంత వాహనాల లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది. ఈలోగా పక్షవాతం వచ్చినా కార్డుపై గడువు మాత్రం అలాగే ఉంటుంది. వ్యాధి కారణంగా డ్రైవింగ్‌కు అనర్హులైనవారి లైసెన్సును రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్‌ కింద అధికారులకు ఉన్నప్పటికీ, విషయం వారి దృష్టికి వస్తేనే అది సాధ్యం.

పరీక్ష ఎలా చేస్తారు?
తొలి దశ గదిలోనే సాగుతుంది. చూపు ఎంత మేర పరుచుకుంటోంది, మెడ ఎంతవరకు తిరుగుతోంది, బ్రేకు నొక్కేంత బలం పాదంలో ఉందా, ఎంత వేగంగా స్పందిస్తున్నారు అన్నవి పరిశీలిస్తారు. చెల్లాచెదురుగా ఉన్న అంకెలను, అక్షరాలను వరుస తప్పకుండా గీతతో కలపమంటారు. దృష్టిని ఒకదాని నుంచి మరొకదానికి మళ్లించే శక్తి ఇందులో బయటపడుతుంది.

మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరికి కళ్లు బాగానే ఉన్నా ఎడమవైపున్నవి ధ్యాసకు రావు. ఆ లోపం వారికే తెలియదు. రోడ్డుకు ఎడమపక్కన నడిచే పాదచారికి ఇదే ప్రాణగండం.

రెండో దశ రోడ్డుపైనే. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో శిక్షకుడి వైపు కూడా బ్రేకు అమర్చిన కారులో ఈ పరీక్ష నిర్వహిస్తారు. శిక్షకుడు పక్కన కూర్చుంటే, థెరపిస్టు వెనుక సీటు నుంచి గమనించి నివేదిక ఇస్తారు. బ్రిటన్‌లో పక్షవాతం వచ్చినవారు కనీసం నెల రోజులపాటు కారు నడపరాదు. లారీ, బస్సు డ్రైవర్లకు ఆ వ్యవధి ఏడాది. మన దేశంలో థెరపిస్టు పరీక్షను తప్పనిసరి చేసే నిబంధన లేదు. వైద్యుడి ధ్రువపత్రం, రవాణా శాఖ నిర్ణయమే అంతిమం.

ఆంక్ష కాదు.. ఆసరా
ఈ పరీక్ష తాళం చెవి లాక్కోవటానికి కాదు. ఎడమ కాలూచేయీ బలహీనపడినవారికి క్లచ్‌, గేర్లు కష్టం. ఆటోమేటిక్‌ కారులో ఆ రెండింటి బెడదా ఉండదు. కుడి కాలు పనిచేయనివారికి ఎడమ కాలితో నొక్కే యాక్సిలరేటర్‌, ఒంటిచేత్తో తిప్పేవారికి స్టీరింగ్‌పై పిడి అమర్చవచ్చు. ఇటువంటి మార్పులకు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి.

పక్షవాతమే కాక తలకు తీవ్ర గాయమైనవారు, పార్కిన్సన్స్‌ వ్యాధిగ్రస్తులు, మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు కూడా వైద్యుడిని అడిగి ఈ పరీక్ష చేయించుకోవటం మేలు. తెలిసిన దారిలోనే తికమకపడటం, వాహనం తరచూ ఒకే పక్క రాసుకోవటం, బ్రేకు ఆలస్యంగా వేయటం వంటివి కనిపిస్తే కుటుంబ సభ్యులు ఉపేక్షించరాదు. పరీక్ష పూర్తయ్యేవరకు వాహనాన్ని మరొకరు నడపటమే అందరికీ క్షేమం.