ఎం.బి.ఎ.కు ఫీజు - పిహెచ్.డి.కి వేతనం

మేనేజిమెంటు చదువంటే లక్షల రూపాయల మాటేనన్న అభిప్రాయం పల్లెల్లో బలంగా ఉంది. ఎం.బి.ఎ. వరకు అది నిజమే. పేరున్న ఐ.ఐ.ఎం.లో రెండేళ్ళ కోర్సు చదివించాలంటే రైతు కుటుంబానికి బ్యాంకు అప్పు తప్పదు. కాని అదే ఆవరణలో, అదే అధ్యాపకుల దగ్గర పూర్తికాలం పిహెచ్.డి. చేసేవారి సంగతి వేరు. చాలా ఐ.ఐ.ఎం.లు వారి దగ్గర బోధన రుసుము తీసుకోవు. పైగా నెల నెలా ఫెలోషిప్ ఇస్తాయి. ఈ తేడా తెలియక ఎం.కాం., ఎం.బి.ఎ. పాసైన గ్రామీణ విద్యార్థులు అటువైపే చూడటం లేదు.

అహమ్మదాబాద్ ఐ.ఐ.ఎం.లో ఈ పరిశోధన కోర్సు 1971లోనే మొదలైంది. అప్పట్లో పూర్తి చేసినవారికి 'ఫెలో' అన్న పేరే దక్కేది. ఐ.ఐ.ఎం.ల చట్టం 2018 జనవరి 31న అమలులోకి వచ్చాక పిహెచ్.డి. పట్టా ఇస్తున్నారు. 2015లో ఏర్పడిన విశాఖపట్నం ఐ.ఐ.ఎం.కు ఆనందపురం మండలం గంభీరంలో సొంత ఆవరణ ఉంది. దానిని 2024 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పిహెచ్.డి. కోర్సు అక్కడా ఉంది.

అయిదేళ్ళకు 24 లక్షలు

విశ్వవిద్యాలయాల్లో చేరేవారికి పెద్ద ఆధారం యు.జి.సి. ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. 2023 జనవరి 1 నుంచి పెరిగిన రేటు ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు రు. 37,000, పని సంతృప్తికరంగా ఉంటే తర్వాతి మూడేళ్ళు నెలకు రు. 42,000 ఇస్తారు. అయిదేళ్ళూ కలిపితే సరిగ్గా రు. 24 లక్షలు. హాస్టలు గది దొరకని వారికి ఇంటి అద్దె భత్యం అదనం.

దీనికి 'నెట్' పరీక్ష రాయాలి. ఏటా రెండుసార్లు జరుగుతుంది. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు జవాబుకు మార్కు కోయరు. కామర్స్, మేనేజిమెంటు ప్రశ్నలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ముందునుంచే సాధన చేయాలి. పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. వెనుకబడిన తరగతులు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 50 శాతం చాలు.

వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఈ వర్గాల వారికి అయిదేళ్ళ సడలింపు ఉంది. ఏదో ఉద్యోగంలో చేరి తర్వాత చూద్దామనుకునేవారు ఈ గడువు మరవకూడదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

దరఖాస్తులో ఫెలోషిప్ కూడా కావాలని గుర్తు పెట్టాలి. అసిస్టెంటు ప్రొఫెసర్ అర్హత మాత్రమే కోరితే, మార్కులు ఎన్ని వచ్చినా ఫెలోషిప్ రాదు.

ప్రత్యేక సహాయం

దేశమంతటికీ, అన్ని సబ్జెక్టులకూ కలిపి ఏటా షెడ్యూల్డ్ కులాల వారికి 2,000, ఇతర వెనుకబడిన తరగతుల వారికి 1,000, షెడ్యూల్డ్ తెగల వారికి 750 జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. తోబుట్టువులు లేని ఒక్కగానొక్క ఆడపిల్లకు సావిత్రిబాయి ఫూలే పేరిట వేరే ఫెలోషిప్ ఉంది. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను మాత్రం 2022లో నిలిపివేశారు.

ఇవేవీ దక్కనివారి పరిస్థితి కష్టమే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో 'నెట్' లేని పరిశోధకుడికి ఇచ్చేది నెలకు రు. 8,000. జూనియర్ ఫెలోషిప్‌లో అది నాలుగో వంతు కూడా కాదు. దానినీ ఆపాలని 2015లో యు.జి.సి. తలపెట్టగా, ఢిల్లీలో విద్యార్థులు రోజుల తరబడి ఆందోళన చేశారు. ఇంటికి ఆసరా కావలసిన పాతికేళ్ళ వయసులో ఆధారం లేకుండా చేరితే, చదువు మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది.

చేరేముందు అడగవలసినవి

సీటు వచ్చిందన్న సంతోషంలో సంతకం చేయకుండా కొన్ని సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఫెలోషిప్ ఎంత, ఎన్నేళ్ళు? అయిదో ఏడు కూడా ఇస్తారా? బోధన రుసుము, హాస్టలు ఖర్చు ఎవరు భరిస్తారు? ఉద్యోగం చేస్తూ చదివే పిహెచ్.డి. కోర్సులకు వేతనం ఉండదు, ఎదురు ఫీజు కట్టాలి. పేరు ఒకేలా ఉన్నందున మోసపోకూడదు.

యు.జి.సి. ఫెలోషిప్ మంజూరైనా డబ్బు దానంతటది రాదు. విద్యార్థి హాజరవుతున్నాడని విద్యాసంస్థ నెల నెలా ధృవీకరిస్తేనే బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాగితాలు ఆలస్యమైతే నెలల తరబడి చేతికి రాకపోవచ్చు. అందుకే మొదటి ఆరునెలల ఖర్చుకు సరిపడా సొమ్ము ముందుగా చూసుకుని బయలుదేరడం మంచిది.