చెట్టు కింద ఏలీయా

కర్మెలు పర్వతం మీద 450 మంది బయలు ప్రవక్తల ఎదుట ఒంటరిగా నిలిచి గెలిచాడు ఏలీయా. ఆ వెంటనే యెజెబెలు బెదిరింపు విని పారిపోయి, అరణ్యంలో బదరీ వృక్షం కింద కూర్చుని చావే మేలనుకున్నాడు (1 రాజులు 19:4). కర్మెలు విజయం మీద మన సంఘాల్లో ప్రసంగాలకు లోటు లేదు. చెట్టు కింద ఏలీయా దగ్గర మాత్రం మనం ఎక్కువసేపు ఆగం.

అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ హిల్‌మన్ (1926-2011) ఈ తేడానే పట్టుకున్నారు. స్విట్జర్లాండులో ఒక పాస్టరు కుమారుడైన కార్ల్ యుంగ్ బాటలో నడిచి, 'ఆర్కిటైపల్ సైకాలజీ' అనే ఆలోచనా ధోరణిని నెలకొల్పినవారాయన. ఆత్మ శిఖరాలను కోరుతుంది, ప్రాణం లోయల్లో తిరుగుతుంది అంటారు. ఆత్మకు వెలుగు, విజయం కావాలి. ప్రాణం దుఃఖంలో, జ్ఞాపకాల్లో, ఊహల్లో, కలల్లో బతుకుతుంది. మనం ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతాం గానీ, తెలుగు బైబిలు 'ప్రాణాత్మలు' అని రెండుగానే చెబుతుంది (హెబ్రీ 4:12). కలకు తొందరపడి అర్థం చెప్పవద్దని, అందులో కనబడినదాన్ని కనబడినట్టే చూడాలని హిల్‌మన్ పట్టుబట్టారు. 1979లో కలల మీదే ఒక పుస్తకం రాశారు.

అది చదువుతుంటే నాకు మా సంఘంలోని ఒక తల్లి గుర్తొచ్చింది. చెరువులో పడి చనిపోయిన కొడుకు తడిబట్టలతో గుమ్మంలో నిలబడి తువ్వాలు అడిగినట్టు కల వచ్చిందని చెప్పింది. "కలలు పట్టించుకోకమ్మా, బాబు ప్రభువు దగ్గరున్నాడు" అని ప్రార్థన చేసి లేచి వచ్చేశాను. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆమె లోయలో ఉంది, నేను కొండ మీద నుంచి కేక వేశాను. ఆ తర్వాత ఆమె నాకు ఏ కలా చెప్పలేదు.

హిల్‌మన్‌తో చివరిదాకా నడవలేను. మనలో ఉన్నది ఒక్క 'నేను' కాదని, మనసును అర్థం చేసుకోవడానికి గ్రీకు పురాణాల్లోలాగా అనేక దేవతలు కావాలని 1975 నాటి తన ప్రధాన గ్రంథంలో వాదించారు. పూజకు కాదనుకోండి, చూపు కోసం. లోపల అనేక గొంతులున్న మాట నిజమే. 42వ కీర్తన రాసిన భక్తుడు, ఎందుకు కుంగిపోయావని తన ప్రాణాన్నే అడుగుతాడు. అయితే ఆ మాటలు దేవుడు వింటుండగా సాగుతాయి. ఆ వినేవాడు హిల్‌మన్ రచనల్లో నాకు కనబడలేదు.

చెట్టు కింద దేవుడు ఏలీయాను గద్దించలేదు. దూత వచ్చి తట్టి లేపాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. 'ఇక్కడేం చేస్తున్నావు' అనే ప్రశ్న నలభై రోజుల తర్వాత, హోరేబులో వచ్చింది.

ఈ వారం ఆ తల్లి ఇంటికి వెళ్తున్నాను. తువ్వాలు సంగతి ఈసారి నేనే అడుగుతాను.