రోడ్డుపై కోపం: క్షణం ఆగితే తప్పే నష్టమెంత?

సిగ్నల్ పచ్చరంగులోకి మారి క్షణమైనా గడవకముందే వెనుక నుంచి హారన్ మోగుతుంది. పక్క సందులోంచి దూసుకొచ్చిన బైక్ కారు అద్దాన్ని రాసుకుంటూ వెళ్తుంది. ఇండికేటర్ వేయకుండానే ఆటో మలుపు తిరుగుతుంది. దేశంలోని ఏ నగరంలోనైనా నిత్యం కనిపించే దృశ్యాలివి. వీటిలో అత్యధికం ఒక విసుగుతోనో, ఒక మాటతోనో ముగిసిపోతాయి. కొన్ని మాత్రం మాటామాటా పెరిగి దాడుల వరకు, ఒక్కోసారి ప్రాణాలు పోయే వరకు వెళ్తున్నాయి. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య, పాత పగలేవీ లేకుండా, నిమిషాల వ్యవధిలో జరిగిపోయే ఈ హింసనే ‘రోడ్ రేజ్’ అంటున్నారు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం వల్లనే సంభవించాయి. అతివేగం, మద్యం మత్తు, రాంగ్ రూట్, సిగ్నల్ ఉల్లంఘన, సెల్‌ఫోన్ వాడకం వంటి కారణాల వారీగా ఆ నివేదిక ప్రమాదాలను విభజిస్తుంది. కోపం ఆ పట్టికలో విడిగా కనిపించదు. అయితే తనను దాటిపోయిన వాహనాన్ని ఎలాగైనా అందుకోవాలన్న పంతంతో యాక్సిలరేటర్ తొక్కిన డ్రైవర్ చేసిన ప్రమాదం కూడా అతివేగం ఖాతాలోనే పడుతుంది.

ఒక వాగ్వాదం, మూడు దశాబ్దాల కేసు

రోడ్డుపై క్షణికావేశం ఎంతకాలం వెంటాడుతుందో చెప్పడానికి పాటియాలా కేసు చాలు. 1988 డిసెంబరు 27న పంజాబ్‌లోని పాటియాలాలో, రోడ్డు మధ్యలో నిలిపి ఉన్న వాహనాన్ని పక్కకు తీయమని అడిగిన విషయమై ఘర్షణ జరిగింది. దెబ్బలు తిన్న 65 ఏళ్ల వృద్ధుడు మరణించారు. నిందితుల్లో ఒకరు అప్పటి క్రికెటర్, తర్వాతి కాలంలో రాజకీయ నాయకుడైన నవజ్యోత్ సింగ్ సిద్ధూ.

1999లో సెషన్స్ కోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. 2006లో పంజాబ్, హరియాణా హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి, హత్యగా పరిగణించలేని ప్రాణహరణ నేరం కింద మూడేళ్ల జైలుశిక్ష విధించింది. 2018లో సుప్రీంకోర్టు ఆ నేరం నుంచి విముక్తి కల్పించి, గాయపరిచిన నేరానికి మాత్రం రూ.1,000 జరిమానాతో సరిపెట్టింది. మృతుడి కుటుంబం సమీక్ష కోరడంతో 2022 మే 19న అదే న్యాయస్థానం ఏడాది కఠిన కారాగార శిక్ష ఖరారు చేసింది. శారీరక దారుఢ్యం గల వ్యక్తి విషయంలో చేయి కూడా ఆయుధమే కాగలదని ధర్మాసనం అభిప్రాయపడింది. సిద్ధూ మరుసటి రోజు లొంగిపోయి, 2023 ఏప్రిల్ 1న జైలు నుంచి విడుదలయ్యారు.

నిమిషాల్లో ముగిసిన గొడవకు న్యాయస్థానాల్లో తుది తీర్పు రావడానికి 33 ఏళ్లకు పైగా పట్టింది. ఒక కుటుంబం పెద్దదిక్కును కోల్పోయి అన్నేళ్లూ కోర్టుల చుట్టూ తిరిగింది. మరొక వ్యక్తి జీవితంలోని ప్రతి మలుపులోనూ ఆ కేసు ప్రస్తావనకు వచ్చింది.

కోపం ఎక్కడ మొదలవుతుంది?

డ్రైవర్లకు ఏయే సందర్భాల్లో కోపం వస్తుందో కొలిచేందుకు అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జెర్రీ డెఫెన్‌బాకర్, ఆయన సహచరులు 1994లో ఒక కొలమానాన్ని రూపొందించారు. ఎదుటివారి అవమానకర సైగలు, నిబంధనల ఉల్లంఘన, నెమ్మదిగా నడపడం, మర్యాద లేకపోవడం, ట్రాఫిక్ ఆటంకాలు, పోలీసుల ఉనికి అనే ఆరు రకాల సందర్భాలను అందులో చేర్చారు. భారతీయ రహదారిపై వీటిలో చాలావరకు ఒకే ప్రయాణంలో ఎదురవుతాయి. ఎండ, దుమ్ము, గుంతలు, ఆఫీసుకు ఆలస్యమవుతోందన్న ఆందోళన దీనికి తోడవుతాయి.

ఎదుటివారి తప్పును చూసే తీరు కూడా కోపాన్ని పెంచుతుంది. తాను హఠాత్తుగా లేన్ మారితే ‘గుంత అడ్డొచ్చింది’ అని సర్దిచెప్పుకునే డ్రైవర్, అదే పని మరొకరు చేస్తే ‘పొగరు’ అని తేల్చేస్తాడు. తన పొరపాటుకు పరిస్థితిని, ఇతరుల పొరపాటుకు వారి స్వభావాన్ని కారణంగా చూపే ఈ ధోరణిని మనస్తత్వ శాస్త్రం ఏనాడో గుర్తించింది. వాహనంలో ఉన్నప్పుడు ఇది మరింత బలపడుతుంది. ఎదురుగా మనిషి ముఖం కనిపించదు. రేకు, అద్దం, నంబర్ ప్లేట్ మాత్రమే కనిపిస్తాయి. ముందున్న కారులో ఆసుపత్రికి పరుగెడుతున్న కుటుంబం ఉందో, నిన్నగాక మొన్న లైసెన్స్ తీసుకున్న యువతి ఉందో తెలిసే వీలుండదు.

కోపానికీ ఎదుటివారి హోదా తెలుసు

‘కోపం వస్తే నన్ను నేను ఆపుకోలేను’ అనే మాట తరచూ వినిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదని ఒక ప్రసిద్ధ ప్రయోగం సూచిస్తోంది. 1968లో ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలో చేసిన పరీక్ష వివరాలను ప్రచురించారు. సిగ్నల్ పచ్చగా మారినా ముందున్న కారును కదపకుండా ఉంచి, వెనుకనున్న డ్రైవర్లు ఏం చేస్తారో గమనించారు. ముందున్నది పాత, చవక కారు అయినప్పుడు 84 శాతం మంది 12 సెకన్లలోపే హారన్ కొట్టారు. అదే స్థానంలో ఖరీదైన కొత్త కారు ఉన్నప్పుడు హారన్ కొట్టినవారు 50 శాతమే.

ఆ పరీక్ష జరిగిన దేశం వేరు, కాలం వేరు. అయినా అందులో కనిపించిన తేడా ఇక్కడి రోడ్లకూ పరిచితమే. తోపుడుబండి అడ్డొస్తే ఆగకుండా హారన్ మోగించే వ్యక్తి, పోలీసు జీపు అడ్డుగా ఉన్నప్పుడు మౌనంగా వేచి ఉంటాడు. ఆటో డ్రైవర్‌ను ఏకవచనంతో దూషించే వ్యక్తి, పెద్ద వాహనంలోంచి నలుగురు దిగితే స్వరం తగ్గిస్తాడు. అంటే నిగ్రహం అతనిలో లేకపోలేదు. దాన్ని ఎవరి ముందు చూపాలన్నది అతను ఎంచుకుంటున్నాడు. సహనం నేర్చుకోవడమంటే కొత్త గుణాన్ని అలవరచుకోవడం కాదు, బలవంతుల ముందు ఇప్పటికే చూపుతున్న ఓపికను మిగిలినవారికీ విస్తరించడమే.

రోడ్డుపై ఎక్కువ గంటలు గడుపుతూ, తిట్లకు ఎక్కువగా గురయ్యేది కూడా బలం లేనివారే. ఆటో డ్రైవర్లు, డెలివరీ సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లు ఈ కోవలోకి వస్తారు. తెలుగు రాష్ట్రాల్లో బస్సు దారి ఇవ్వలేదన్న కారణంతో ఆర్టీసీ డ్రైవర్లపై దాడి చేసిన ఘటనలు తరచూ వార్తలకెక్కుతున్నాయి.

ఆదా అయ్యేది ఎంత?

తొందరకు లెక్క కట్టి చూస్తే ఫలితం స్వల్పం. 10 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 15 నిమిషాలు, 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 12 నిమిషాలు పడుతుంది. తేడా మూడే నిమిషాలు. నగరంలో సిగ్నళ్లు ఆ కాస్త తేడానూ చాలావరకు మింగేస్తాయి. ప్రమాదకరంగా దాటిపోయిన వాహనం తర్వాతి కూడలిలో పక్కనే ఆగి కనిపించడం చాలామందికి అనుభవమే.

మరోవైపు, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ప్రతి సెకనుకు దాదాపు 17 మీటర్లు ప్రయాణిస్తుంది. పక్క వాహనంలోని వ్యక్తివైపు రెండు సెకన్లు గుర్రుగా చూస్తే, 33 మీటర్ల దూరం రోడ్డును చూడకుండానే గడిచిపోయినట్లు.

హారన్‌తోనూ సమయం కలిసిరాదని ముంబయి పోలీసులు సరదాగా నిరూపించారు. 2019 చివర్లో కొన్ని కూడళ్ల వద్ద సిగ్నళ్లకు శబ్దాన్ని కొలిచే యంత్రాలు అమర్చారు. హారన్ల మోత 85 డెసిబెళ్లు దాటితే ఎర్రలైటు లెక్కింపు మళ్లీ మొదటికి వచ్చేది. ఎంత ఎక్కువ మోగిస్తే అంత ఎక్కువసేపు ఆగాలన్నది అందులోని సందేశం. 2020 జనవరి చివర్లో విడుదలైన ఆ వీడియో దేశమంతటా చర్చనీయాంశమైంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టంలో ‘రోడ్ రేజ్’ అనే పేరుతో ప్రత్యేక నేరం లేదు. కానీ కోపంలో చేసే దాదాపు ప్రతి పనికీ ఏదో ఒక సెక్షన్ వర్తిస్తుంది.

• ప్రమాదకరంగా నడపడం, రెడ్ సిగ్నల్ దాటడం, రాంగ్ రూట్‌లో వెళ్లడం, నిబంధనలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 పరిధిలోకి వస్తాయి. మొదటి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

• అనవసరంగా, ఆగకుండా హారన్ మోగిస్తే సెక్షన్ 194ఎఫ్ కింద మొదటిసారి రూ.1,000, తర్వాత రూ.2,000 జరిమానా ఉంటుంది.

• మరొకరి వాహనానికి అడ్డంగా వాహనం నిలిపి కదలకుండా చేయడం అక్రమ నిరోధం కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126 ప్రకారం దీనికి నెల వరకు సాధారణ జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

• చేయి చేసుకుని గాయపరిస్తే సెక్షన్ 115 కింద ఏడాది వరకు, తీవ్రంగా గాయపరిస్తే సెక్షన్ 117 కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అద్దాలు పగలగొట్టడం, బెదిరించడం కూడా వేర్వేరు నేరాలే.

• ఆర్టీసీ సిబ్బందిని చట్టం పబ్లిక్ సర్వెంట్లుగా పరిగణిస్తుంది. విధుల్లో ఉన్న డ్రైవర్‌ను అడ్డుకునేందుకు దాడి చేస్తే సెక్షన్ 132 కింద రెండేళ్ల వరకు జైలు పడే అవకాశం ఉంది.

ముందుగా తప్పు చేసింది ఎదుటివారే అయినా, వారిని కొట్టే హక్కు ఎవరికీ రాదు. ఆత్మరక్షణ హక్కు కూడా రక్షణకు అవసరమైన మేరకే పరిమితం. నిబంధన ఉల్లంఘించిన వ్యక్తికి చలానాతో పోయే వ్యవహారం, అతన్ని కొట్టిన వ్యక్తికి క్రిమినల్ కేసుగా మారుతుంది. ఉద్యోగ నియామకాల్లో, పాస్‌పోర్టు పరిశీలనలో ఆ కేసు మళ్లీ మళ్లీ ఎదురుపడుతుంది.

గొడవ ముదరకుండా ఉండాలంటే

కోపం వచ్చాక అణచుకోవడం కన్నా, రాకుండా చూసుకోవడం సులువు. పది నిమిషాలు ముందుగా బయలుదేరితే దారిలో ఎదురయ్యే ప్రతి ఆటంకం శత్రువులా కనిపించదు. ముందున్న వాహనానికి కనీసం మూడు సెకన్ల దూరం పాటిస్తే, అది హఠాత్తుగా ఆగినా గుండె గుభేల్మనదు.

ఎవరైనా రెచ్చగొట్టినప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన నిర్ణయం వాహనం దిగకపోవడం. రోడ్డు గొడవలు దాడులుగా మారేది సాధారణంగా ఇద్దరిలో ఒకరు తలుపు తీసుకుని దిగిన తర్వాతే. అద్దాలు ఎత్తి, తలుపులు లాక్ చేసి, ఎదుటివారి కళ్లలోకి చూడకుండా దారి ఇవ్వడం సురక్షితం. తప్పు తనదైతే చేయి ఎత్తి క్షమించమన్నట్లు సైగ చేస్తే చాలా గొడవలు అక్కడే చల్లారతాయి.

దేశంలో ఎక్కువమంది ప్రయాణించే ద్విచక్ర వాహనాలకు తలుపులూ అద్దాలూ ఉండవు. అందువల్ల బైక్‌పై ఉన్నవారికి దూరమే రక్షణ. వేగం తగ్గించి ఎదుటివారిని ముందుకు పోనివ్వడం, అవసరమైతే పక్క వీధిలోకి తిరిగి రెండు నిమిషాలు ఆగడం మేలు.

ఎవరైనా వెంబడిస్తున్నట్లు అనిపిస్తే నేరుగా ఇంటికి వెళ్లకూడదు. ఇల్లు ఎక్కడో వారికి తెలిసిపోతుంది. సమీపంలోని పోలీస్ స్టేషన్‌కో, జనసంచారం ఉన్న పెట్రోల్ బంకుకో వెళ్లి 112కు ఫోన్ చేయాలి. జాతీయ రహదారులపై 1033 సహాయ నంబర్ అందుబాటులో ఉంటుంది. డ్యాష్‌క్యామ్ ఉంటే ఆ దృశ్యాలను భద్రపరచాలి. వాటిని సామాజిక మాధ్యమాల్లో పెట్టి కొత్త గొడవకు తెరలేపే కన్నా పోలీసులకు అందజేయడం ప్రయోజనకరం.

పక్క సీటులో కూర్చున్నవారి పాత్ర కూడా తక్కువేమీ కాదు. ‘చూడు, ఎలా కట్ కొట్టాడో’ అన్న మాట డ్రైవర్ కోపానికి ఆజ్యం పోస్తుంది. ‘పోనివ్వండి, మనకెందుకు’ అన్న మాట అదే కోపాన్ని దించుతుంది. వెనుక సీటులోని పిల్లలు ఈ రెండు మాటలనూ వింటూనే పెరుగుతారు.

ప్రమాదం జరిగిపోతే

చిన్న తాకిడి జరిగినప్పుడు రోడ్డుపైనే న్యాయం తేల్చుకోవాలన్న ప్రయత్నం గొడవలకు దారితీస్తుంది. వాహనాలు ఉన్న స్థితిలోనే ఫొటోలు తీసుకుని, వాటిని పక్కకు జరిపి, నంబర్లు నమోదు చేసుకుని, బీమా సంస్థకు తెలియజేస్తే సరిపోతుంది. ఎవరికైనా గాయాలైతే వైద్య సాయం అందేలా చూడటం, పోలీసులకు సమాచారం ఇవ్వడం డ్రైవర్ బాధ్యత అని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 చెబుతోంది.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. జనం ఆగ్రహం వల్ల గానీ, తన అదుపులో లేని మరే కారణం వల్ల గానీ సాధ్యం కాని పక్షంలో తప్ప డ్రైవర్ బాధితుడికి సాయం చేయాలన్నది ఆ నిబంధన. ప్రమాదస్థలంలో గుమికూడే జనం డ్రైవర్‌పై విరుచుకుపడతారన్న భయాన్ని శాసనకర్తలు చట్టంలోనే నమోదు చేయాల్సి వచ్చింది. ఆ భయంతో డ్రైవర్ పారిపోతే నష్టపోయేది రోడ్డుపై రక్తమోడుతున్న క్షతగాత్రుడే. అతన్ని ఆసుపత్రికి చేర్చగల వాహనం, మనిషి అక్కడే ఉండి కూడా అక్కరకు రాకుండా పోతాయి. కనుక సహనం పాటించాల్సింది స్టీరింగ్ పట్టుకున్నవారు మాత్రమే కాదు, చుట్టూ చేరినవారు కూడా.