సైనిక విమానాల సంకేతాలు, పేర్లు: నామకరణ పద్ధతుల పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే సైనిక విమానాన్ని తయారీదారు ఒక పేరుతో, దానిని వాడే సైన్యం మరొక పేరుతో, ఎదుటి కూటమి ఇంకొక పేరుతో వ్యవహరించడం కనిపిస్తుంది. ఏ పేరు ఎవరు పెట్టినదో గుర్తించకపోతే ఒక విమానాన్ని రెండుగా లెక్కించే ప్రమాదం ఉంది. సంకేతానికీ పేరుకూ గల భేదాన్ని, వాటి వెనుక ఉన్న పద్ధతులను వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సంకేతం, నామకరణం, నాటో, మిగ్-29, తేజస్.

1. ఉపోద్ఘాతం
సైనిక విమానానికి సాధారణంగా రెండు గుర్తింపులు ఉంటాయి. అక్షరాలు, అంకెలతో ఏర్పడేది సంకేతం. భావస్ఫురణ కలిగించేది పేరు. ‘ఎఫ్-16’ సంకేతం కాగా, ‘ఫైటింగ్ ఫాల్కన్’ పేరు. సంకేతం వర్గీకరణకు, పేరు వ్యవహారానికి ఉపకరిస్తాయి.

2. అమెరికా పద్ధతి
1962కు పూర్వం అమెరికా నౌకాదళం, వైమానికదళం వేరువేరు పద్ధతులు పాటించేవి. ఫాంటమ్ విమానాన్ని నౌకాదళం ‘ఎఫ్4హెచ్’ అనగా, వైమానికదళం ‘ఎఫ్-110’ అన్నది. నౌకాదళ సంకేతంలోని ‘హెచ్’ తయారీదారైన మెక్‌డొనెల్ సంస్థను తెలిపేది. 1962 సెప్టెంబరులో వచ్చిన ఉమ్మడి పద్ధతిలో ఈ రెండూ ‘ఎఫ్-4’గా స్థిరపడ్డాయి. అంతకుముందరి పత్రాలను చదివేవారు ఇవి రెండు విమానాలని పొరబడే అవకాశం ఇక్కడే ఉంది.

ఈ పద్ధతిలో ‘ఎఫ్’ ఫైటర్‌ను, ‘బి’ బాంబర్‌ను, ‘సి’ రవాణా విమానాన్ని సూచిస్తాయి. చివరి అక్షరం రూపాంతర క్రమాన్ని తెలుపుతుంది. 1, 0 అంకెలుగా భ్రమపడకుండా ‘ఐ’, ‘ఓ’ అక్షరాలను విడిచిపెడతారు. అందువల్లనే ‘సి-130హెచ్’ తరువాత ‘సి-130జె’ వచ్చింది. భారత నౌకాదళపు ‘పి-8ఐ’లోని ‘ఐ’ మాత్రం క్రమాక్షరం కాదు. అది ఇండియాకు సూచిక. నియమభంగాలు అమెరికాలోనూ ఉన్నాయి. ఎఫ్-22, ఎఫ్-23ల తరువాత 24 రావలసి ఉండగా, ప్రయోగాత్మక విమానమైన ‘ఎక్స్-35’ సంఖ్యనే కొనసాగించి ‘ఎఫ్-35’ అని వ్యవహరించారు.

3. సోవియట్, నాటో పద్ధతులు
సోవియట్ సంకేతంలో మొదట కనిపించేది రూపకల్పన సంస్థ. ‘మిగ్’ అనేది మికోయాన్, గురేవిచ్‌ల పేర్ల నుండి ఏర్పడిన సంక్షిప్తరూపం. నాటో కూటమి ఈ విమానాలకు తన సమాచార వినిమయం కోసం ఆంగ్లపదాలను కేటాయించింది. ఫైటర్ పేరు ‘ఎఫ్’తో, బాంబర్ పేరు ‘బి’తో మొదలవుతుంది. రెండు సిలబుల్స్ గల పదం జెట్ విమానానికి, ఒకే సిలబుల్ గల పదం ప్రొపెల్లర్ విమానానికి చెందుతుంది. అందుచేత మిగ్-29 ‘ఫల్‌క్రమ్’, టుపొలేవ్-95 ‘బేర్’ అయ్యాయి. ఈ పదాలలో అర్థం కంటే తొలి అక్షరం, ఉచ్చారణ ప్రధానం.

4. భారతీయ పద్ధతి
భారత వైమానికదళం మిగ్-29ను ‘బాజ్’ (డేగ) అని, మిరాజ్-2000ను ‘వజ్ర’ అని, జాగ్వార్‌ను ‘శంషేర్’ (ఖడ్గం) అని పిలుచుకుంది. సంస్కృత, పారశీక పదాలు రెండూ ఇందులో చోటు చేసుకున్నాయి. స్వదేశీ విమానాలైన హెచ్‌ఎఫ్-24 ‘మరుత్’, హెచ్‌జెటి-16 ‘కిరణ్’లలో తొలి ‘హెచ్’ హిందుస్థాన్‌ను తెలుపుతుంది. తేలికపాటి యుద్ధవిమానం 2001లో తొలిసారి ఎగిరింది. 2003లో ప్రధాని వాజ్‌పేయి దానికి ‘తేజస్’ అని పేరు పెట్టారు. మరుత్తు, కిరణం, తేజస్సు తెలుగులో తత్సమాలుగా వాడుకలో ఉన్నవే కనుక ఈ పేర్ల అర్థం తెలుగు పాఠకునికి అనువాదం లేకుండానే స్ఫురిస్తుంది.

5. ముగింపు
మిగ్-29, ఫల్‌క్రమ్, బాజ్ అనేవి ఒకే విమానానికి చెందినవి. మొదటిది రూపకర్తను, రెండవది ప్రత్యర్థి కూటమి అవసరాన్ని, మూడవది సొంతం చేసుకున్న దేశపు భావనను తెలుపుతాయి. కావున సైనిక చరిత్రను పరిశోధించేవారు విమానం పేరుతోపాటు ఆ పేరు పెట్టినవారిని, వాడుకలో ఉన్న కాలాన్ని కూడా నమోదు చేయడం అవసరం.