చెవిపోటు – సూర్యరశ్మి

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, మేడ్చల్ పోవు మార్గములో పేట్ బషీరాబాద్ అను ప్రాంతము కలదు. అచట ఎండకు కొదువ లేదు. అయినను నగరజీవనమున ఇండ్లలోనే పెరుగు పసివారికి అది చాలినంత సోకదు. ఎండకును చెవిపోటునకును సంబంధమేమి?

కర్ణభేరి వెనుక మధ్యచెవి అను చిన్న గది యున్నది. అందుండి గొంతు పైభాగమునకు ఒక సన్నని నాళము పోవును. పదునారవ శతాబ్దమున దానిని వర్ణించిన ఇటలీ శాస్త్రజ్ఞుడు యూస్టాకీ పేర దానిని యూస్టాకియన్ నాళమందురు. పెద్దవారిలో అది పొడవుగా, ఏటవాలుగా నుండును. శిశువులలో పొట్టిగా, దాదాపు అడ్డముగా నుండును. అందుచే జలుబు చేసినప్పుడు సూక్ష్మజీవులు సులభముగా మధ్యచెవిని చేరును. నాళము వాచి మూసికొనును. లోపల చీము పట్టును. ఆరు నెలలలో మూడుమార్లు గాని, సంవత్సరములో నాలుగుమార్లు గాని ఇట్లు వచ్చినచో వైద్యులు దానిని పదేపదే వచ్చు వ్యాధిగా నెంతురు. మాటలు నేర్చు వయసున వినికిడి మందగించినచో మాటయు, పిదప చదువును వెనుకబడవచ్చును.

ఎండలోని అతినీలలోహిత కిరణములు తాకినప్పుడు చర్మములో విటమిన్ ‘డి’ తయారగును. కాలేయము, మూత్రపిండములు దానిని దేహమునకు పనికివచ్చు రూపమునకు తెచ్చును. కిటికీ అద్దము ఆ కిరణములను అడ్డగించును గనుక గదిలో పడు ఎండ ఇందుకు చాలదు. ఈ విటమిన్ ఎముకలకే గాక, సూక్ష్మజీవులతో పోరాడు తెల్ల రక్తకణములకును తోడ్పడును. 2007లో ప్రకటితమైన తిరుపతి పరిశోధనలో గ్రామవాసులకన్న పట్టణవాసుల రక్తమున ఇది తక్కువగా నుండెను.

ఇటలీలోని మిలన్ వైద్యులు, తరచుగా చెవిపోటు వచ్చు 116 మంది పిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టునకు దినమునకు 1000 యూనిట్ల విటమిన్ ‘డి’ని నాలుగు నెలలు ఇచ్చిరి. ఆ జట్టులో వ్యాధి తక్కువగా వచ్చినదని 2013లో ప్రకటించిరి. కాని ఒక్క పరిశోధనచే సత్యము స్థిరపడదు. ఇది చెవిపోటునకు మందని చెప్పరాదు. మోతాదు మించినచో రక్తమున కాల్షియము పెరిగి మూత్రపిండములకు హాని కలుగును. కనుక వైద్యుడు చెప్పినంతయే ఇయ్యవలెను.

తల్లిపాలు, పొగలేని ఇల్లు, టీకాలు చెవికి రక్షణలు. శిశువును పరుండబెట్టి సీసాపాలు పట్టరాదు. చీము కారు చెవిలో నూనె పోయుట ప్రమాదకరము. పిల్లవాడు చెవి పట్టుకొని ఏడ్చినప్పుడు, పిలిచినను పలుకనప్పుడు జాగు చేయక వైద్యునికి చూపవలెను. మంచి వినికిడి విద్యకు మొదటి మెట్టు.